కిందింటి ఆంటీ తెచ్చిన చలిమిడి

మా కిందింటి ఆంటీ పోయింది. అంకుల్ పోయినంక ఒక్కతే ఉండేది. మొన్న పొద్దెక్కినా పాలప్యాకెట్ తలుపు ముంగటనే ఉన్నది, అట్ల తెలిసింది. పంజాగుట్ట శ్మశానం దాక సాగనంపి, ఇంటికొచ్చి తలస్నానం చేసి ఇది రాస్తున్న. పొగిడితే ఆమెకు గిట్టదు. "సోది ఆపి పని చూసుకోవే" అంటది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్త.

మాది అమీర్‌పేటల కర్రీ పాయింట్. ఏడేండ్ల కింద, నలభై నాలుగేండ్ల వయసుల నెల ఆగిపోతే, ఇగ నా పని అయిపోయిందనుకున్న. మెట్ల మీద ఆపి ఆంటీనే అడిగింది, "వయసైపోతే పొద్దున్నే ఆ వాంతులేంటమ్మా?" అని. వాళ్లది భీమవరం దిక్కు. మొహమాటం లేని మనిషి.

డాక్టరమ్మ ఔనన్నది. ఇంట్ల పిడుగు పడ్డట్టయింది. అప్పుడు పెద్దబిడ్డకు సంబంధాలు చూస్తున్నం. "బిడ్డ పెండ్లి పెట్టుకొని నువ్వు కడుపుతోని తిరుగుతవా? తీయించుకో" అని మా ఆడబిడ్డ మొహం మీదనే అన్నది. మా ఆయన చెప్పులేసుకొని బయటికి పోయిండు. నాకైతే ఆ బిడ్డ కావాలె. ఎందుకంటే చెప్పరాదు, కావాలె, అంతే! తీయించుకోనన్న. కానీ దాచుడు మొదలువెట్టిన. వదులు నైటీ, మీదికెల్లి చున్నీ. కౌంటర్ల కూసునుడు బంద్.

పెండ్లిచూపుల నాడు హాలు నిండ పిలగానోళ్లు. నేను వంటింటి తలుపు సాటుకు నిలబడ్డ. ఆంటీ ఇత్తడి పళ్లెం పట్టుకొని సక్కగ లోపలికొచ్చింది. పళ్లెం నిండ చలిమిడి. తడి బియ్యప్పిండిని బెల్లం పాకంల కలిపి చేస్తరు. వాళ్ల దిక్కు కడుపుతోనున్న బిడ్డకు పుట్టింటోళ్లు పెడ్తరట. నాకు అమ్మ లేదు.

"ఐదో నెల వచ్చింది కదమ్మా, కడుపు చల్లగా ఉండాలి" అని అందరి ముంగట నా చేతుల పెట్టింది. పిలగాని తల్లి దిక్కు తిరిగి, "మీరూ తీసుకోండి వదినగారూ" అన్నది.

ఆమె పళ్లెం దిక్కు చూసింది, నా కడుపు దిక్కు చూసింది. చాయ్ సుత తాగకుండ అందరూ లేచి పోయిండ్రు. సంబంధం పాయె.

నాకు మస్తు కోపమొచ్చింది. కిందికి పోయి, "నా బిడ్డ బతుకు ఆగం చేసినవ్ గదా ఆంటీ!" అని లొల్లి పెట్టిన. చిక్కుడుకాయలు ఒలుస్తున్నది, తల సుత ఎత్తలే. "ఇవాళ నువ్వు కడుపు దాచుకుంటే, రేపు ఆ ఇంట్లో నీ కూతురు ఏమేం దాచుకోవాలో?"

తలుపు దబ్బున ఏసి పైకొచ్చిన. వచ్చి చూస్తే, నా బిడ్డ పట్టుచీర మీదనే కింద కూసొని చలిమిడి తింటున్నది. "ఆ ఇంటికి నేనే పోను మమ్మీ. మంచిగున్నది, నువ్వు తిను" అన్నది. ఇద్దరం కూసొని పళ్లెం ఖాళీ చేసినం.

తెల్లారి చీర కట్టుకొని, చున్నీ గిన్నీ లేకుండ కౌంటర్ల కూసున్న. ఆంటీ వచ్చి పక్కన స్టూల్ ఏసుకున్నది. నా కడుపు దిక్కు గుడ్లప్పగించి చూసినోళ్లను, "ఏంటి బాబూ, పప్పు కావాలా, సాంబారు కావాలా?" అని గద్దించేది. రోజూ వచ్చేది, నొప్పులు మొదలైన దినం దాక. తర్వాత పెద్దదాని పెండ్లి వేరేకాడ మంచిగనే అయింది. అప్పుడు కడుపుల ఉన్న మా చిన్నది అక్క కొంగు పట్టుకొని పీటల మీద కూసున్నది. అనేటోళ్లు అన్నరు. అననీ! నేను తల దించలే. ఇగ దించను సుత.

మొన్న ఆంటీని సెల్లార్ల ఐస్ పెట్టెల పండవెట్టిండ్రు. వాళ్ల చుట్టాలల్ల ఒకామె నా తెల్ల వెంట్రుకలు చూసి, చిన్నదాన్ని చూసి, "మీ మనవరాలా అండీ?" అన్నది. నేను జవాబు చెప్పకముందే చిన్నది గయ్యిమన్నది.

"కాదు! ఈమె మా అమ్మ. మా అమ్మమ్మ అగో, అండ్ల పండుకున్నది."

అని పెట్టె మీద చెయ్యి పెట్టింది. అప్పటిదాక ఆపుకున్న ఏడుపు నాకు అప్పుడు తన్నుకొచ్చింది. దాన్ని ఎత్తుకొని పక్కకు జరిగినంక సుత, ఆవిరి పట్టిన పెట్టె అద్దం మీద ఆ చిన్న చెయ్యి గుర్తు అట్లనే ఉన్నది.