పౌలియాసి మాట మీద దిగిన స్తంభాలు

మా దీవుల దేశానికి రాజధాని నుకుఅలోఫా. దాని రేవులో దిగిన సరుకు ఏ సుంకం పద్దు కిందికి వస్తుందో తేల్చడం ఆనసేని పని. కస్టమ్స్ ఆఫీసులో నా పక్క బల్లే ఆమెది. ఓపిక ఎక్కువ, మాట తక్కువ. ఆ పని నేర్పినవాడు పౌలియాసి, ఆమెకు చిన్నాన్న వరస. తండ్రి చేపలవేటకు పోయి తిరిగి రాకపోతే చదివించింది ఆయనే, ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. "చేత్తో తడమనిదే సంతకం పెట్టకండి" అని మా అందరికీ నూరిపోసేవాడు. రిటైరయ్యాక బల్లకు అవతలి వైపు చేరాడు. దిగుమతిదారుల తరఫున కాగితాలు నడిపే ఏజెంటయ్యాడు. ఆనసేనికి బంధువే కదా అంటారేమో, మా దేశంలో బంధువు కానివాడెవడు?

ఒక ఏడాది తుఫాను పడమటి ఊళ్లలో కరెంటు స్తంభాలన్నిటినీ పడగొట్టింది. కొలొవాయిలో మేనత్త లెసియెలితో కలిసి ఉంటున్న ఆనసేనికీ చీకటే. కొత్త స్తంభాలు న్యూజిలాండ్ నుంచి ఓడలో వచ్చాయి, తెప్పించినవాళ్ల ఏజెంటు పౌలియాసే. పైన్ దుంగలు, చెదలు పట్టకుండా మందు ఎక్కించి పచ్చబారినవి. ఇక్కడే ఉంది తిరకాసు. మందు పట్టించినా దుంగ దుంగే. ముడికలప కింద లెక్క, సుంకం నామమాత్రం. బోల్టులకు బెజ్జాలు వేసి, అడ్డకర్ర కూర్చునేందుకు గాడి తీస్తే మాత్రం అది తయారైన సరుకు, సుంకం వాచిపోతుంది.

ఓడ వచ్చిన రోజు ఒకటే వాన. పౌలియాసి గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"అమ్మాయ్, ఉత్త దుంగలే. రాసెయ్."

"ఒక్కసారి యార్డుకెళ్లి చూసొస్తా బాబాయ్."

"ఈ వానలోనా? కట్టలు విప్పాలంటే క్రేను రావాలి, ఇవాళ అయ్యే పని కాదు. అక్కడ మీ అత్త కొవ్వొత్తి ముందేసుకుని కూర్చుంది. నేను తడిమి చూశానే! నా చేతికన్నా నీ చెయ్యి పెద్దదయిందా?"

ఆమె నవ్వి సంతకం పెట్టింది.

పాతడానికి తెచ్చిన స్తంభం ఒకటి కొన్నాళ్లు ఆనసేని వాళ్ల ఇంటి ముందే పడి ఉంది. ఒక సాయంత్రం బస్సు దిగి దాన్ని దాటబోతూ ఆగిపోయింది. వరసగా బెజ్జాలు. ఒకదాంట్లో వేలు పెట్టి చూసింది. లోపలి గోడ కూడా పచ్చగానే ఉంది. అంటే మందు ఎక్కకముందే తొలిచారు, అక్కడి ఫ్యాక్టరీలోనే.

అటునుంచటే పౌలియాసి ఇంటికి వెళ్లింది.

"నువ్వు చూశానన్నావ్ బాబాయ్."

"ఊళ్లో దీపాలు వెలగాలా వద్దా? పోయి అన్నం తిని పడుకో."

మర్నాడు తనే పైఅధికారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. విచారణ పెట్టారు. పౌలియాసి బైబిలు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"యార్డుకెళ్లి చూడమ్మా అని నేనే అన్నానండీ. వానని బద్ధకించింది. చిన్నపిల్ల, ఏదో చిన్నాన్నకి మేలు చేద్దామనుకుంది."

ఆనసేని తలెత్తి ఆయన్నే చూసింది. ఆయన ఇటు తిరగలేదు. నేను విన్నది నేను చెప్పాను. "నువ్వు ఆవిడ స్నేహితురాలివి కదా" అని కొట్టిపారేశారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె బతుకు.

ఆ శనివారం పౌలియాసి, క్షమించమని అడిగే మా ఆచారం ప్రకారం నడుముకు చిరిగిన చాప చుట్టుకుని, పందినీ, దంచి పానీయం చేసే కావా వేర్లనీ ముందు పెట్టుకుని ఆనసేని వాళ్ల వాకిట్లో మట్టిలో కూర్చున్నాడు. తల దించుకుని ఏడ్చాడు కూడా. ఆనసేని గుమ్మంలోనే నిలబడింది.

"ఇక్కడ కాదు బాబాయ్. ఆఫీసులో వాళ్ల ముందు చెప్పు. అప్పుడు ఈ పందిని నేనే కోసి వండుతా."

ఆయన పందిని ఇంకాస్త ముందుకు జరిపాడు. లోపల్నుంచి లెసియెలి వచ్చింది.

"లే తమ్ముడూ. లోపలికి రా."

"అత్తా, ఆయనింకా నిజం..."

"నాకే ఎదురు చెబుతావా? ఇంటి పరువు వీధిలో కూర్చుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

మేనత్త మాటకు మా దగ్గర తిరుగులేదు. గొయ్యి తవ్వారు, రాళ్లు కాల్చారు, పందీ పెండలం దుంపలూ మగ్గబెట్టారు. ఆనసేని అందరికీ వడ్డించింది, తను మాత్రం ముట్టుకోలేదు. గిన్నెలు కడుగుతూ నాతో అంది:

"బాబాయ్ నన్ను అమ్మేశాడు. అత్త దానికి విందు చేసింది."

ఆమె హోదా తగ్గించి హాపాయి దీవుల్లోని చిన్న రేవుకు పంపేశారు. పౌలియాసి ఇప్పటికీ మా ఆఫీసుకు వస్తాడు, కొత్తవాళ్లతో జోకులేస్తాడు. నా బల్ల దగ్గరికి మాత్రం రాడు.

కిందటేడు ఆయన మనవరాలి పెళ్లికి రమ్మని లెసియెలి కబురంపింది. హాపాయి నుంచి పడవ వచ్చింది. ఆనసేని రాలేదు, పెళ్లికూతురికి ఆనవాయితీగా ఇచ్చే చాప కూడా పంపలేదు. మేనత్త పిలిచినా రాని మనిషిని కొలొవాయిలో అంతకుముందు ఎవరూ ఎరగరు. దిగినవాళ్లంతా వెళ్లిపోయినా లెసియెలి చాలాసేపు రేవు గోడ మీదే కూర్చుంది. పెళ్లివాళ్లు పిలుస్తున్నారని చెప్పినా కదల్లేదు.