చెరుకు ట్రాక్టరు వెనక దమ్ము పరీక్ష

ఈ రోజు చోడవరం గ్రౌండులో రాష్ట్ర ఫుట్‌బాల్ జట్టు కుర్రాళ్లకు దమ్ము పరీక్ష పెడితే చూసొద్దామని వెళ్లాను. స్పీకరు బీప్‌మన్నప్పుడల్లా పరుగు, గుండె వేగం చూడ్డానికి ఛాతీకి బెల్టు.

మా రోజుల్లో కోచ్ మాస్టారు మమ్మల్ని చెరుకు ట్రాక్టరు వెనక పరిగెత్తించేవారు. కదిలే బండిలోంచి చెరుకు గడ లాగితే సరిపోదు, ఆగగానే రొప్పకుండా నమలాలి. అలా నమిలినవాడికే టీములో చోటు.

ఇంటికి బయల్దేరుతుంటే రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఎదురైంది. నా పక్కనే అప్పటి మా గోల్‌కీపర్ అప్పలనాయుడు ఉన్నాడు.

"ఒరే, పరిగెడదామేటి?" అన్నాడు.

నాలుగడుగులు వేశామో లేదో, డ్రైవరు బండే ఆపేశాడు.

"లాక్కోండి బాబూ! పరిగెట్టకండి, ఆయాసం వచ్చెత్తాది."

నిలబడి నమిలినా ఇద్దరం రొప్పాం.

మీ ఊళ్లో దమ్ము ఎలా చూసేవారో చెప్పండి. మా మాస్టారే ఉంటే మమ్మల్నిద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టేవారు. హాయిగా కూర్చునేవాళ్లం.