పేరు రాయని కాగితం

ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో నా స్కూలు బ్యాగులో ఒక సిగరెట్ పెట్టె ఉండేది. అది నాది కాదు, మా చిన్నాయనది.

మేం తార్నాకలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాయిన యూనివర్సిటీ ఆఫీసులో అటెండరు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, ఎం.ఏ. అయిపోయి సర్కారు నౌకరి పరీక్షలకు చదువుతూ మాతోనే ఉండేవాడు. నాయిన అందరి ముందే బీడీ తాగేవాడు. పొద్దున చాయ్ కాగానే ఒకటి, అన్నం తిన్నాక ఒకటి. మా ఉతికిన బట్టలకు కూడా ఆ వాసనే. చిన్నాయన మాత్రం అన్న ముందు తాగడం మర్యాద కాదని దాచుకునేవాడు. జేబులో పెట్టుకుంటే అమ్మ ఉతికేటప్పుడు దొరుకుతుంది. అందుకని నా బ్యాగు.

"నీ బ్యాగు ఎవ్వలు సూడరు. నువ్వు నా దోస్తువి గద" అన్నాడు.

ఇరవై నాలుగేళ్ల మనిషి నన్ను దోస్తు అనడం నాకెంతో గొప్పగా ఉండేది. ఆదివారం పొద్దున్నే నన్ను సైకిల్ మీద క్యాంపస్‌లోకి తీసుకెళ్లేవాడు. హాస్టళ్ల వెనక పెద్ద బండల మీద కూర్చుని ఆయన ఒక గంట చదివేవాడు, నేను హోంవర్క్ చేసుకునేవాణ్ని. తర్వాత బ్యాగులోంచి పెట్టె తీసి ఇచ్చేవాణ్ని. ఒక ఆదివారం ఎలా ఉంటుందని అడిగాను. కాసేపు నా మొహం చూసి, నవ్వి, సగం కాలిన సిగరెట్ నా చేతిలో పెట్టాడు. దగ్గొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. వీపు నిమిరాడు. తర్వాతి ఆదివారం నేను అడగకుండానే ఇచ్చాడు.

మా స్కూల్లో సైన్సు సారంటే నాకు ప్రాణం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నా నోట్‌బుక్ పక్క సెక్షన్‌లో కూడా చూపించేవాడు. ఊపిరితిత్తుల పాఠం చెప్పిన రోజు మా అందరి చేతా కుడి చెయ్యి ముందుకు చాపించి, పొగ తాగబోమని ప్రమాణం చేయించాడు. అదే రోజు ఇంటర్వెల్‌లో బండ్లు పెట్టే చోట గోడవారన ఆయన సిగరెట్ తాగుతుంటే చూశాను. ఆయన మీద గౌరవమేం తగ్గలేదు. పెద్దవాళ్లంతా ఇలాగే ఉంటారనుకున్నాను.

ఆ వర్షాకాలంలో యూనివర్సిటీ నుంచి ఇద్దరు మేడమ్‌లు వచ్చారు. పిల్లల్లో పొగ అలవాటు గురించి ఏదో సర్వే కోసమట. అందరికీ తలా ఒక ప్రశ్నల కాగితం పంచారు. పేరు రాయొద్దని, ఏం రాసినా సార్లకు గానీ ఇంట్లో వాళ్లకు గానీ తెలియదని ఒకామె రెండుసార్లు చెప్పింది. ఆమె మాట నమ్మాను. ఇంట్లో ఎవరు తాగుతారు? నాయిన, చిన్నాయన. నువ్వు ఎప్పుడైనా తాగావా? తాగాను. మొదట ఎవరిచ్చారు? చిన్నాయన. స్కూల్లో టీచర్లు ఎవరైనా తాగుతుంటే చూశావా? చూశాను, సైన్సు సారు. అన్నీ నిజాలే రాశాను. రాసి ఇచ్చాక ఒళ్లు తేలికైనట్టనిపించింది కూడా.

ఇంకో సెక్షన్ మిగిలిందని, రేపు మళ్లీ వస్తామని మేడమ్‌లు కాగితాలు స్టాఫ్ రూమ్‌లో పెట్టి వెళ్లారు. మర్నాడు సారు నన్ను ల్యాబ్‌లోకి పిలిచాడు. బల్ల మీద నా కాగితం ఉంది.

"పేరు రాయలేదు సార్" అన్నాను.

"నీ అక్షరాలు నాకు తెల్వదా?" అన్నాడు. కోపంగా అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం నాయినను పిలిపించారు. మీ అబ్బాయి సిగరెట్లు తాగుతున్నాడు, స్కూలు పేరు పోతుంది, పది రోజులు పంపకండి అని సారే చెప్పాడు. ఎలా తెలిసిందో చెప్పలేదు, కాగితం చూపించలేదు.

ఇంటికి రాగానే అమ్మ నా బ్యాగు కింద బోర్లించింది. పుస్తకాల మధ్య నుంచి పెట్టె పడింది. చిన్నాయన అప్పుడే బయటి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అది చిన్నాయనది. ఆయనే నేర్పిండు" అన్నాను.

ఆయన ఆ పెట్టెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నాకేం తెల్వదన్నా. బస్టాప్ కాడ పోరగాళ్లతోని తిరుగుతుండు. నేనే నీకు చెప్దామనుకున్న."

నాయిన నన్ను చెంపల మీద కొట్టాడు. ఆయన వేళ్ల నిండా బీడీ వాసన. నేను ఏడుస్తూనే, కాగితంలో అంతా రాశాను, సారును అడుగు అన్నాను. నాయిన మర్నాడు పోయి అడిగాడు కూడా. అలాంటి కాగితమేదీ లేదన్నాడట సారు. దానిలో సారు పేరు కూడా ఉందని నాయినకు తెలియదు. నేను చెప్తే నమ్మలేదు. సొంత చిన్నాయన మీద, చదువు చెప్పే సారు మీద అబద్ధాలు పుట్టిస్తున్నానని ఇంకోసారి కొట్టాడు.

చిన్నాయనకు ఆ ఏడే నౌకరి వచ్చింది. వాడకట్టంతా స్వీట్లు పంచాం. పెళ్లయి అంబర్‌పేటకు మారిపోయాడు. నేను పదో తరగతికి వచ్చేసరికి నా సిగరెట్లు నేనే కొనుక్కుంటున్నాను. తాగుతానని ఎలాగూ అందరూ అనుకుంటున్నారు, మానుకుని ఎవరికి చూపించాలి అనిపించేది. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు నన్నే అడిగేవారు. అబద్ధాలు చెప్పడం వాడికి చిన్నప్పటి నుంచే అలవాటని నాయిన చుట్టాల ముందు నవ్వుతూ అనేవాడు.

ఇప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. అదే యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్నాను. పోయిన ఏడు చిన్నాయన ఫోన్ చేసి తార్నాక మెట్రో స్టేషన్ దగ్గర కలుద్దామన్నాడు. ఇద్దరం నడుచుకుంటూ క్యాంపస్‌లోకి వెళ్లాం. ఆయన సిగరెట్ మానేసి చాలా ఏళ్లయింది. వాళ్ల అబ్బాయి ఎనిమిదో తరగతి. బ్యాగులో పెన్నులాంటి ఈ-సిగరెట్ దొరికిందని స్కూలు వాళ్లు పిలిపించారట. ఎవడు నేర్పాడో చెప్పడం లేదని, యూనివర్సిటీలో ఉన్నవాణ్ని కాబట్టి నా మాట వింటాడని, ఒకసారి వచ్చి అడగమని అన్నాడు.

"నాకెవరు నేర్పిండ్రు చిన్నాయినా?" అన్నాను.

ఆయన రోడ్డు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. పరీక్షకు ఇరవై రోజులే ఉన్నాయని, అన్న వెళ్లగొడితే తలదాచుకునే చోటు లేదని, భయంతో అనేశానని చెప్పాడు. తప్పు నాదే అన్నాడు. నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది. అంతలో ఆయనే, "నువ్వు దెబ్బలు తిన్న గా వారమే అన్నకు నిజం చెప్పిన గదరా. నీకు చెప్పలేదా?" అన్నాడు.

నేను నేరుగా ఇంటికి వెళ్లాను. నాయిన గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిన్నాయన చెప్పింది నిజమేనా అని అడిగాను. ఆయన బీడీ నేలకేసి నలిపాడు.

"చెప్పిండు. కాళ్లు వట్టుకున్నడు. పరీక్ష అయినంక నీతోని మాట్లాడుదామనుకున్న. అంతల నౌకరొచ్చింది, ఇల్లంత సంబురంల ఉండె. ఇగ ఎందుకు తియ్యాలె అని ఊకున్న."

"మరి ఇన్నేండ్లు అందరి ముందట నన్ను అబద్ధాలోడన్నవ్ గద నాయినా."

"పిల్లగానివి, మర్చిపోతవనుకున్న" అన్నాడు.

లోపల అమ్మ కూరగాయలు తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆమెకు కూడా తెలుసా అని అడగాలనుకుని అడగలేకపోయాను.

ఆదివారం అంబర్‌పేట వెళ్లాను. ఆ పిల్లవాణ్ని ఏమీ అడగలేదు. వాళ్ల నాన్నను పక్కనే కూర్చోమని, నాకు జరిగింది మొదటి నుంచి చెప్పాను. చిన్నాయన ఒక్క మాటకూ అడ్డు రాలేదు. చివర్లో, "నిజమే బిడ్డా" అన్నాడు కొడుకుతో. వాడు తండ్రి వైపు చూస్తూ ఉండిపోయాడు. వాడు మానేస్తాడో లేదో నేను చెప్పలేను. నేనే నాలుగు నెలలుగా మానే ప్రయత్నంలో ఉన్నాను.

సారును తలచుకుంటే ఇప్పుడు కోపం రాదు. చిన్నాయన ఎదురుగా కూర్చుని తప్పు ఒప్పుకున్నాడు. నాయిన సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆ నెలాఖరుకే హాస్టల్ గదికి మారాను. ఆయన రోజూ సాయంత్రం ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతాడు. తిన్నానంటాను. అంతకు మించి మాట్లాడటానికి ఇంకా మనసు రావడం లేదు.