తారీకు తెలియని బండి

బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్ల పొడి మీద వేడినీళ్లు పోస్తే బుసబుసమని పొంగుతుంది. ఆ వెంటనే పుల్లటి ఘాటు ముక్కుకు ఎక్కుతుంది. మెట్‌పల్లిలో నా షాపు ముందు వారంలో నాలుగైదు బండ్లకైనా ఈ పని చేస్తుంటాను కాబట్టి మామూలుగా దాన్ని పట్టించుకోను. మొన్న మాత్రం చలికాలపు పొద్దున, గాలి లేనప్పుడు, ఆ ఘాటు ముఖం చుట్టూ కాసేపు నిలబడిపోయింది. చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒమాన్‌లో సహం అనే ఊరు, అక్కడి రోడ్డు పక్క ఆటో ఎలక్ట్రికల్ షాపు, బానెట్ కింద తల దూర్చి గొణుక్కుంటున్న మహబూబ్ బాషా ఉస్తాద్, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన గురించి ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలని చాలాసార్లు అనుకున్నాను గానీ, రాస్తే నా తప్పు కూడా రాయాల్సి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను.

ఉస్తాద్‌ది కడప. రూమ్‌లో తమ్ముడితో దక్కనీ, గిరాకీలతో హిందీ, అరబ్బీ మాట్లాడేవారు. తిట్టడానికి మాత్రం తెలుగే. నేను ఐటీఐ సర్టిఫికెట్ ఒకటి సంచిలో పెట్టుకుని జగిత్యాల వైపు నుంచి ఆయన దగ్గర పనికి చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. నాకు అన్నీ తెలుసన్న ధీమా కూడా ఆ సంచిలోనే ఉండేది. చేరిన వారానికే ఒక పికప్ వచ్చింది, దీపాలు వెలగడం లేదని. నేను చూడకుండానే "ఫ్యూజు పోయింది ఉస్తాద్" అన్నాను.

"చూసినావా, అనుకున్నావా?"

"అనుకున్న."

"అనుకునేదానికి నువ్వెందుకురా అబ్బీ ఈడ? ఆయప్ప అనుకోలేకనా మన దగ్గరికి వచ్చింది?" అని చేతిలోకి టెస్ట్ ల్యాంపు విసిరారు. అంటే ఒక చిన్న బల్బు, దానికి రెండు తీగలు. తీరా చూస్తే ఫ్యూజు శుభ్రంగా ఉంది, స్విచ్ వెనక తీగ ఊడిపోయింది.

ఆయన మహా మంచివాడు, శాంతమూర్తి అని రాస్తే ఆయనే ఒప్పుకోరు. కోపం వస్తే పానా విసిరేసేవారు. విసిరాక అది ఏ బండి కిందకో దొర్లిపోతే, ఆయనే నేల మీద పడుకుని వెతుక్కునేవారు. పని బాగా చేస్తే ఏమీ అనరు, అదే పొగడ్త అనుకోవాలి. బండి బాగుచేశాక తాళం తాను తిప్పేవారు కాదు. యజమానిని కూర్చోబెట్టి అతనితోనే మూడుసార్లు సెల్ఫ్ కొట్టించేవారు. "బాగైందని నేను జెప్తే ఏముంది, నువ్వు చూసుకో" అనేవారు. ఆయన చెయ్యి పెట్టని సంగతి ఏదైనా అడిగితే మాత్రం ఒకటే జవాబు. "తెల్దు."

గల్ఫ్‌లో పని చేసినవాళ్లకు తెలుసు, అక్కడ "మాఫీ ముష్కిల్" అనే మాట లేకుండా పూట గడవదు. ఏం ఇబ్బంది లేదు, అంతా సవ్యంగానే ఉంది అని దాని అర్థం. రోడ్డు మీద వెళ్లేవాడు ఏం అడిగినా ముందు ఆ మాట పారేసి, తర్వాత ఆలోచిస్తాం. అలాంటి చోట మా ఉస్తాద్ ఎదుటివాడి ముఖం చూసి "తెల్దు" అంటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఎన్నో గిరాకీలు ఎదుటి షాపుకు వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. "ఒక్క మాట ధైర్యం చెప్తే ఏం పోయింది ఉస్తాద్?" అని ఒకసారి అడిగాను కూడా. "పోయేది మనది కాదు గదప్పా, వాళ్లది" అన్నారు. ఆ రోజు నాకు అది మొండితనంలాగే కనిపించింది.

తొంభై తొమ్మిది చివరికొచ్చేసరికి అందరి నోటా కంప్యూటర్ల మాటే. కొత్త సంవత్సరం వస్తే చివర రెండు సున్నాలు చూసి కంప్యూటర్లు తికమకపడతాయని, విమానాలు, బ్యాంకులు, కరెంటు అన్నీ ఆగిపోతాయని పేపర్లు రాశాయి. పక్కనున్న మలయాళీ కఫెటేరియాలో టీవీ చూసినవాళ్లంతా టీ తాగి నేరుగా మా షాపుకు వచ్చి అడిగేవారు, మా కార్లు కూడా ఆగిపోతాయా అని. అప్పటికి కొత్త కార్లలో ఇంజన్ను నడిపే చిన్న కంప్యూటరు పెట్టె ఉంటోంది. నేను ఇంగ్లిష్ పేపరు కూడబలుక్కుని చదివి మా షాపులో పెద్ద పండితుడినయ్యాను.

ఒక రోజు ఉస్తాద్ ఒక కారు డోర్ తెరిచి నన్ను పిలిచారు. "యాడుందిరా తారీకు, చూపీ."

డాష్‌బోర్డు మీద గడియారం ఉంది. గంటలు, నిమిషాలు ఉన్నాయి. తారీకు లేదు, సంవత్సరం అంతకన్నా లేదు. ఆయన మీట నొక్కుతూ గడియారాన్ని పన్నెండుకు ఒక్క నిమిషం ముందుకు తెచ్చి, ఇంజన్ నడుస్తుండగానే చేతులు కట్టుకుని నిలబడ్డారు. నిమిషం తిరిగింది. ఇంజన్ దాని మానాన అది నడుస్తూనే ఉంది. "తారీకే తెలీని బండికి ఏడు మారిందని ఎవురు చెప్తార్రా?" అన్నారు. నేను పకపకా నవ్వాను. ఇంకేముంది, ఇక అందరికీ మాఫీ ముష్కిల్ అని చెప్పేయొచ్చనుకున్నాను.

ఆయన చెప్పనివ్వలేదు. "గడియారం చూసినాం. పెట్టె లోపల ఏముందో చూసినామా? నేనైతే చూడ్లా. మస్కట్‌లో చదువుకున్నోళ్లు ఉండారు, అడుగుదాం" అన్నారు. అన్నట్టే నలుగురికి ఫోన్లు చేశారు. వాళ్లలో ఇద్దరు ఏమీ కాదన్నారు, ఒకాయన చూడాలన్నాడు, ఇంకొకాయన అసలు ఫోనే ఎత్తలేదు. దాంతో ఉస్తాద్ జవాబు కూడా అలాగే తయారైంది. "కాదనే అంటుండారు. నేను మాత్రం చూడ్లేదు." ఇంత పొడుగు జవాబు ఎవరికి కావాలి చెప్పండి!

సాలింకు అసలే అక్కర్లేదు. సాలిం ఇంట్లో బలూచీ మాట్లాడే ఒమానీ, మున్సిపాలిటీలో గుమాస్తా, హిందీ కూడా బాగా మాట్లాడేవాడు. అతని తల్లికి మూత్రపిండాలు పని చేయవు. శనివారం, సోమవారం, బుధవారం పొద్దున ఏడింటికల్లా సోహార్ ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం శుద్ధి చేయించాలి. ఒక్కసారి తప్పితే ఆమెకు కాళ్లు వాచి, ఊపిరి అందదు. ఆ ఏడు జనవరి ఒకటి శనివారం పడింది.

ముందు రోజు శుక్రవారం, పైగా రంజాన్ నెల. ఉస్తాద్ ఉపవాసంతోనే సాయంత్రం నమాజుకు వెళ్లారు. నేనొక్కడినే ఉన్నాను. సాలిం వచ్చి బండి దిగకుండానే అడిగాడు. "మీ ఉస్తాద్‌ను వారం నుంచి అడుగుతున్నాను. చూడలేదు, తెలియదు అంటాడు. రేపు అమ్మను తీసుకెళ్లాలి భాయ్. నువ్వైనా ఒక్క మాట చెప్పు, బండి కదులుతుందా లేదా?"

అతని కళ్లు చూస్తే నాకు జాలేసింది. జాలి ఒక్కటే అయితే బాగుండేది. ఉస్తాద్ చెప్పలేనిది నేను చెప్పగలనన్న గొప్ప కూడా ఉంది. "మాఫీ ముష్కిల్" అన్నాను. "రాత్రికి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పెట్టు. కరెంటే లేనప్పుడు కంప్యూటరుకు కొత్త సంవత్సరం వచ్చినట్టు తెలియదు. పొద్దున బిగించుకుని వెళ్లు, అంతే." పానా ఇచ్చి, ఎలా విప్పాలో, ఎలా బిగించాలో చూపించాను కూడా. స్టీరింగు కింద ఎర్రటి చిన్న దీపం మినుకుమంటూ ఉంది. దొంగలు ఎత్తుకుపోకుండా దుబాయ్‌లో బిగించుకున్న అలారం అది. దాన్ని చూశాను. దాని గురించి నాకేమీ తెలియదు, అయినా అడగలేదు. సాలిం నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

పొద్దున ఏడున్నరకు షాపు తెరిచేసరికే ఫోన్ మోగుతోంది. "వచ్చేసింది భాయ్, ఆ కంప్యూటర్ రోగం నిజంగానే వచ్చేసింది" అని సాలిం అరుస్తున్నాడు. వెనకాల సైరను కూత వినిపిస్తోంది. ఉస్తాద్ నా చేతిలో రిసీవరు లాక్కుని విని, తన పాత పికప్ తీశారు. వాళ్ల సందులోకి వెళ్లేసరికి వింత దృశ్యం. సాలిం కారు కూస్తోంది, స్టార్టు కావడం లేదు. చుట్టుపక్కల నాలుగిళ్ల ముందూ కార్లు ఉన్నాయి, మగవాళ్లంతా తాళాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. సాలిం కారుకు ఏదో అయిందని చూసి, తమవి తీస్తే ముసలామెతో దారి మధ్యలో ఆగిపోతాయేమోనని ఎవరూ తాళం తిప్పలేదు. ఆమె గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, నోటితో గాలి పీల్చుకుంటోంది.

ఉస్తాద్ స్టీరింగు కింద ఒకసారి తొంగి చూశారు. "టెర్మినల్ ఎవురు తీసినారు?"

సాలిం నా వైపు చూశాడు. నేను నేల చూశాను. "నేనే తియ్యమన్న ఉస్తాద్."

కరెంటు తీసి మళ్లీ ఇచ్చేసరికి, ఎవరో బండిని దొంగిలిస్తున్నారనుకుని ఆ అలారం ఇంజన్‌కు కరెంటు కట్ చేసింది. కంప్యూటరుకు ఏ రోగమూ రాలేదు. తారీకు తెలియని బండిని నేను చేజేతులా ఆపాను. తిడతారనుకున్నాను. కనీసం పానా అయినా విసురుతారనుకున్నాను. ఆయన "బండి సంగతి తర్వాత. ముందు అమ్మనెక్కించు" అన్నారు. ఆమెను, సాలింను ముందు కూర్చోబెట్టి, నన్ను వెనక తొట్టిలో ఎక్కమన్నారు. సోహార్ దాకా క్యాబిన్ వెనకున్న చిన్న అద్దంలోంచి ఆమె తల వెనక భాగం చూస్తూ కూర్చున్నాను. ఆ తల ఊపిరి కోసం పైకీ కిందికీ కదులుతూనే ఉంది. రోడ్డు మీద కార్లన్నీ దర్జాగా పోతున్నాయి. వాటిని చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండు గంటలు ఆలస్యంగా చేరాం. ఆమెను లోపలికి తీసుకెళ్లారు, సాలిం కూడా వెళ్లాడు. వరండాలో బల్ల మీద ఉస్తాద్ కూర్చున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపటికి ఆగలేక అడిగాను. "ఏం గాదు గద ఉస్తాద్?"

ఎవరైనా ఏమంటారు? ఏం కాదులేరా అంటారు. నాక్కావలసింది కూడా అదే, అబద్ధమైనా సరే. ఆయన తల తిప్పి నన్ను చూశారు. "తెల్దు అబ్బీ" అన్నారు. నాకు ఏడుపు వచ్చేసింది. ఆయన పక్కకు జరిగి బల్ల మీద చోటిచ్చారు. "కూసో. తెలిసేదాకా ఉందాం" అన్నారు. షాపు తాళం వేసి ఉంది, ఆయన ఉపవాసంలో ఉన్నారు, నీళ్లు కూడా ముట్టలేదు. మధ్యాహ్నం నర్సు వచ్చి, గండం గడిచింది, యంత్రం బాగానే నడుస్తోంది అని చెప్పేదాకా ఆయన ఆ బల్ల మీంచి లేవలేదు. అన్నేళ్లు ఆయన "తెల్దు" అంటుంటే విన్నాను గానీ, అన్న తర్వాత ఆయన ఏం చేసేవారో నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు అర్థమైంది. మస్కట్‌కు ఆ నాలుగు ఫోన్లు కూడా, తెల్దు అన్నాక తెలుసుకోవడానికే చేశారు.

తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్లి, "చెప్పు" అన్నారు. చెప్పాను. నాకు తెలియకపోయినా తెలిసినట్టు చెప్పానని, తప్పు నాదేనని, సాలింకు హిందీలో చెబితే అతను తల్లికి బలూచీలో చెప్పాడు. సాలిం ముఖం ఎర్రబడింది గానీ ఆమె అతన్ని చేత్తో వారించింది. నీరసంగా ఏదో అడిగింది. సాలిం నాకు చెప్పాడు. "సోమవారం బండి వస్తుందా అని అడుగుతోంది."

తిట్టినా బాగుండేది. ఆ ప్రశ్నకు మాఫీ ముష్కిల్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఇప్పుడు తెల్వదమ్మా. ఇయ్యాల ఆ అలారం తీసేస్త. రేపు సాయంత్రం మీ ఇంటికొచ్చి, బండి మొత్తం చూసి చెప్త" అన్నాను. ఆమె తల ఊపి కళ్లు మూసుకుంది. ఉస్తాద్ ఏమీ అనలేదు. వాళ్లను ఇంటి దగ్గర దించి, అలారం తీసేసి షాపుకు వస్తున్నప్పుడు మాత్రం నన్ను వెనక ఎక్కనివ్వక, పక్క సీటులో కూర్చోబెట్టుకున్నారు.

మర్నాడు వెళ్లాను. ఆ తర్వాత కూడా, ఆమె ఆసుపత్రికి వెళ్లే ప్రతి రోజుకూ ముందు సాయంత్రం వెళ్లి బండి చూసేవాడిని. అది నాకు ఎవరో వేసిన శిక్ష కాదు, నేనే వెళ్లేవాడిని. రెండేళ్లకు పైగా వెళ్లాను. ఒమాన్ వదిలి ఇంటికి వచ్చేసే ముందు చివరి సాయంత్రం, పని అయ్యాక, రేపటి నుంచి ఉస్తాద్ వస్తారని చెప్పాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, "మళ్లీ వస్తావా?" అని సాలింతో అడిగించింది. అందరూ అలాంటప్పుడు వస్తామనే అంటారు, అందులో తప్పు కూడా ఏమీ లేదు. "తెల్వదమ్మా" అన్నాను. నేను మళ్లీ వెళ్లలేకపోయాను. కానీ వస్తానని చెప్పి ఆమెను వాకిట్లో ఎదురుచూసేలా చేయలేదు.