జవాబు పోని మట్టి

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటితే మా ప్రయోగశాల వరండా అంతా ఉడికిన మట్టి వాసన కమ్మేస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుని లిఫ్టు వైపు పరుగెడతారు. నాకు మాత్రం అది తొక్కతో ఉడకబెట్టిన పచ్చి వేరుశనక్కాయల వాసన. పరాయి దేశం నుంచి పరీక్షకు వచ్చిన మట్టిని సింగపూర్‌లో ఊరికే చెత్తబుట్టలో పారబోయడానికి వీల్లేదు. పని అయిపోయాక పెద్ద కుక్కర్ లాంటి యంత్రంలో పెట్టి, ఆవిరి మీద బాగా ఉడికించి, అందులో పురుగూ విత్తనమూ ఏదీ బతికి లేదనుకున్నాకే బయట పారేయాలి. ఆ యంత్రం మీట ఇప్పుడు నా చేతికింద ఉంది. నొక్కే ముందు ప్రతి శుక్రవారం నా చెయ్యి కాసేపు ఆగిపోతుంది. ఆ చేతిని ఆపేది అప్పలసామి అంకుల్. ఆయన పోయి రెండేళ్ళయింది.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. మట్టితో నా పరిచయమల్లా బాల్కనీ కుండీలో కరివేపాకు మొక్క దాకానే. అయినా నేల మీదా నీటి మీదా పరిశోధన చేయడానికి ఇక్కడ సీటు వచ్చిందని తెగ మిడిసిపడుతూ దిగాను. అప్పటికే మా ప్రయోగశాలకు రాయలసీమలోని కొన్ని ఊళ్ళ నుంచి పొలాల మట్టి, బోరు నీళ్ళు వస్తుండేవి. ఆ నేల నీటిని ఎలా పీల్చుకుంటుందో, అందులో ఏ లవణం ఎంత ఉందో చూసి అక్కడ రైతులతో పనిచేసే సంస్థకు రాయడం మా పని. అరవై దాటిన ఒక పొట్టి మనిషి, పొట్టి చేతుల చొక్కాతో, ఆ గదిలో సీసాలు కడుగుతూ కనిపించాడు. సీసాలు కడిగే ఆయన కాబోలు అనుకున్నాను. రెండో రోజు నేను అమ్మతో ఫోన్‌లో మాట్లాడి పెట్టేయగానే, వెనక నుంచి "ఏ ఊరమ్మా మీది?" అని వినిపించింది. ఉలిక్కిపడి తిరిగాను. తమిళాయన అనుకున్న మనిషి నోట అచ్చమైన శ్రీకాకుళం తెలుగు.

వాళ్ళ తాత ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు పనికి వచ్చాడట. అంకుల్ ఆ తోటలోనే పుట్టారు. బడిలో తమిళం, బజారులో మలయ్, ఇంట్లో మాత్రం తెలుగు. అందుకని మాట్లాడటమే గాని తెలుగులో ఒక్క అక్షరం చదవడం రాదు. ఇరవయ్యో ఏట సింగపూర్ వచ్చి ఈ మట్టి గదిలో చేరారు. ఇల్లు ఊరికి తూర్పు కొసన పాసిర్ రిస్‌లో, మా విశ్వవిద్యాలయం పడమటి కొసన. రోజూ ఆ కొస నుంచి ఈ కొసకు రైల్లో వచ్చి, నన్ను చూడగానే ఆయన అడిగే మొదటి మాట "మకాన్ అయిందా?" అనే. మకాన్ అంటే మలయ్‌లో తిండి. తిన్నానని అబద్ధం చెబితే ఎలాగో తెలిసిపోయేది. డబ్బా మూత తీసి ముందు పెట్టేవారు.

ఆయన ఎవరో నాకు తెలిసి రావడానికి నెల పట్టింది. ఒకరోజు కొత్త సంచీలోంచి చిటికెడు మట్టి తీసి, అరచేతిలో రెండు చుక్కల నీళ్ళతో తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బన్‌లా సాగదీశారు. అది ఎక్కడ తెగిందో చూసి, ఇందులో బంక ఇంత, ఇసుక ఇంత, మిగతాది ఒండ్రు అని ఏదో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పారు. నేను లోపల నవ్వుకుని, అదే మట్టిని యంత్రంలో వేసి రెండు రోజులు కుస్తీ పట్టాను. ఆయన చెప్పినదానికీ యంత్రం చెప్పినదానికీ తేడా లేదనే చెప్పాలి. ఎలా వచ్చింది ఈ విద్య అని అడిగితే, తోటలో రబ్బరు మొలకల కోసం వాళ్ళమ్మ మట్టి కలిపేదనీ, కలపడం తప్పితే మొక్క చస్తుందనీ, మొక్క చస్తే అమ్మకు కూలి తెగ్గోసేవారనీ చెప్పారు. ఆ తరువాత నేను ఆయన్ని సీసాలాయన అనుకోలేదు.

ఆ గదిలో ఒక అలమర ఉండేది. అందులో కొన్ని మట్టి సంచీల మీద ఒక్కో టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉండేది. ఇక్కడ హాకర్ సెంటర్ అనే భోజనశాలలో అన్నం తెచ్చుకోవడానికి వెళ్ళే ముందు బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఇక ఆ చోటు మనదే. దాన్ని చోప్ చేయడం అంటారు. ఎంత ఆకలి మీదున్నవాడైనా ఆ బల్ల జోలికి పోడు. మా మట్టికి కూడా ఇదేం పిచ్చి అని అడిగాను. అంకుల్ ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. నిండా చిన్న చిన్న కాగితాలు, అన్నీ తెలుగులో. అక్కడ మట్టి తవ్వేటప్పుడు కొందరు రైతులు తమకు తెలుసుకోవాలనున్నది రాయించి సంచీలో వేసేవారు. మా వాళ్ళందరికీ సంచీ మీది నంబరుతోనే పని. లోపలి కాగితం చదవగలిగినవాళ్ళు లేరు. ఆయన మాత్రం ప్రతి కాగితాన్నీ దాచి, ఏ సంచీదో దాని మీద నంబరు వేసి, ఆ సంచీల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టేశారు. ఆ మట్టిని ఉంచుకోవడానికి ఏటా ఫారాలు నింపి అనుమతి పొడిగించుకునేవారు. బయట ఇంతమంది తెలుగువాళ్ళున్నారు కదా, ఎవరిచేతనైనా చదివించకపోయారా అన్నాను.

"సదివేసి ఊరుకుంటే ఏటి లాభం? సదివినోళ్ళే జవాబు కూడా సెప్పాల. నువ్వు రెండూ సేయగలవు" అన్నారు.

అలా కొత్తగా వచ్చిన సంచీల్లో నేను చదివిన మొదటి కాగితం ఓబుళమ్మది. ఎవరో బడిపిల్ల రాసిపెట్టినట్టు గుండ్రటి అక్షరాలు. "మా చేను సచ్చిపోయిందంటా ఉండారు. నిజమేనా? బతికి ఉంటే చెప్పండి. ఓబుళమ్మ." అంతే ఉంది. ఆ ఏడు ఆ ఊళ్ళో బోరు నీళ్ళను పైపులతో చేలకు అందించబోతున్నారు. నీళ్ళు ఇంకని చేలను జాబితాలోంచి తీసేస్తారు. తీసేస్తే ఆవిడ నాలుగెకరాలూ బీడే. ఏ చేను ఉంచాలో, ఏది తీయాలో మా నివేదిక చూసే నిర్ణయిస్తారు. ఆ నివేదిక రాయాల్సింది నేను.

నేను చాలా శ్రద్ధగా చేశాను, అదే నా బాధ. గాజు గొట్టాల్లో ఆవిడ చేని మట్టి నింపి, పైన నీళ్ళు పోసి, కింద ఎప్పుడు కారతాయా అని చూశాను. ఒక పగలంతా గడిచినా నీళ్ళు కదల్లేదు. మట్టి ఉబ్బి, పైన జిగటగా పేరుకుని, నీళ్ళు బురదరంగు తిరిగి నిలబడిపోయాయి. మూడుసార్లు చేసినా అంతే. ఈ నేల చెడిపోయింది, నీరు ఇంకదు, సాగుకు పనికిరాదు అని రాసి, అందమైన గ్రాఫు గీసి ప్రొఫెసర్‌కు చూపించాను. ఆవిడ మెచ్చుకుని సోమవారం పంపించేయమన్నారు. నా మొదటి నివేదిక కదా, ఆ రోజు నేల మీద నడవలేదు నేను.

ఆ శుక్రవారం అంకుల్ సంచీలు యంత్రంలోకి ఎక్కిస్తూ ఓబుళమ్మ సంచీ దగ్గర ఆగి, ఆవిడకు ఏం జవాబు రాశావని అడిగారు. చేను పోయిందని రాశానన్నాను. ఆయన సంచీ కింద పెట్టేసి గాజు గొట్టాల దగ్గరికి వెళ్ళారు. పైన నిలబడ్డ నీళ్ళను చాలాసేపు చూశారు.

"ఏ నీళ్ళు పోసేవమ్మా దీనికి?"

బల్ల మీద కుళాయి చూపించాను. అది మామూలు కుళాయి కాదు. ఉప్పూ సున్నమూ ఏమీ లేకుండా వడగట్టిన నీళ్ళు, ప్రయోగాలకని ప్రత్యేకంగా వస్తాయి. అంత శుభ్రమైన నీళ్ళు పోశానని గొప్పగానే చెప్పాను.

"ఆవిడ ఊరి బోరులో ఈ నీళ్ళే వస్తాయా?" అన్నారాయన.

లవణం బొత్తిగా లేని నీళ్ళు తగిలితే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, అదే కాస్త ఉప్పదనం ఉన్న నీళ్ళయితే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఇది నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న పాఠం. చెయ్యి చాస్తే అందే చోట కుళాయి ఉందని తిప్పేశాను. ప్రయోగం అంటే అన్నీ కడిగిన ముత్యంలా ఉండాలన్న చాదస్తం ఒకటి. ఆవిడ చేనికి పైపులో రాబోని నీళ్ళు పోసి, అది తాగడం లేదని సాగునీటి నుంచి వెలివేయబోయాను. తల కొట్టేసినట్టయి అక్కడే కూర్చుండిపోయాను. అంకుల్ ఫ్రిజ్ తలుపు తీసి చూపించారు. పరీక్ష కోసం ఆ ఊరి నుంచే వచ్చిన బోరు నీళ్ళ క్యాన్లు రెండు, ఒక్కోదాని మీద టిష్యూ ప్యాకెట్.

ఆవిడ మట్టి మిగిలింది ఆ ఒక్క సంచీయే, నీళ్ళు ఆ రెండు క్యాన్లే. మళ్ళీ తప్పు చేస్తే ఇంకోసారి చేయడానికి ఏమీ ఉండదు. శనివారం పొద్దున సెలవైనా ఇద్దరం వచ్చాం. మట్టి ఆయన నింపారు, పొరపొరకీ వేలితో నెమ్మదిగా తడుతూ, పసిబిడ్డను పడుకోబెడుతున్నట్టు. పదింటికి నేను నీళ్ళు పోశాను. ఆయన గొట్టం కదలకుండా పట్టుకున్నారు. తరువాత చెరో స్టూలు మీద కూర్చున్నాం. గొట్టంలో తడి గీత ఒక్కో వెంట్రుకవాసి కిందికి దిగుతూ ఉంది. పన్నెండు కాకముందే గొట్టం అడుగున ఒక బొట్టు తయారై, వేలాడి, గిన్నెలో పడింది. తేటగా ఉంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సముద్రం అవతలి చేను నా ఎదుట గుటక వేసినట్టే అనిపించింది.

"తాగతంది" అన్నారు అంకుల్. గిన్నె వైపు చూస్తూ, "నీ లెక్క కూడా తప్పు గాదమ్మా. వాన నీళ్ళు అచ్చం నీ కుళాయి నీళ్ళే గదా. వాన పడినప్పుడు ఆవిడ చేను అలాగే మూసుకుపోతాది. అందుకే అందరూ సచ్చిందన్నారు" అన్నారు.

నేను తప్పని పారేయబోయిన మూడు ప్రయోగాలనూ ఆయన ఒక్క మాటతో పనికొచ్చేవి చేశారు. బోరు నీళ్ళలో ఉప్పదనం జొన్న తట్టుకోగలిగినంతే అని ఫలితాల్లో ఉంది. వానలకు ముందు పలచగా జిప్సం చల్లి, పైన చొప్ప పరిస్తే నేల మూసుకుపోదు. నివేదిక మొత్తం తిరగరాసి, నా పొరపాటునూ దాన్ని పట్టుకున్న మనిషినీ చెప్పి, సోమవారం ప్రొఫెసర్ ముందు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివి, లేచి, అంకుల్ బల్ల దగ్గరికి తనే నడిచి వెళ్ళారు.

నివేదిక పంపితే సరిపోదని, జవాబు ఆవిడకే చెప్పాలని అంకుల్ పట్టుబట్టారు. ఆ సంస్థ వాళ్ళను అడిగి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. మీ చేను బతికే ఉందమ్మా అని, ఏం చేయాలో ఒక్కొక్కటీ చెప్పాను.

"అట్లయితే ఈ తూరి ఇత్తనం ఏసుకోవచ్చునా మేడమ్?" అంది ఓబుళమ్మ. "ఇంగ అమ్మేద్దామనుకుంటి. అడ్వాన్సు దీసుకుందామని కొనేటోళ్ళను రేపటికి రమ్మంటిమి. వద్దని చెప్తా."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అంకుల్ అటు తిరిగి, కడిగిన సీసాలే మళ్ళీ కడగడం మొదలుపెట్టారు.

ఆ తరువాత మధ్యాహ్నం భోజనాల వేళల్లో డబ్బా ముందు కూర్చునేవాళ్ళం. నేను చదివేదాన్ని, ఆయన ఆ సంచీ తెచ్చేవారు, మట్టి చూసేవాళ్ళం, ఫోన్ చేసేవాళ్ళం. కొన్ని ప్రశ్నలకు ఆలస్యమైపోయింది, వాళ్ళు వేరే పంటకో వేరే పనికో మళ్ళారు. అయినా ఇన్నాళ్ళకు ఒకరు జవాబు చెప్పారని సంతోషించినవాళ్ళే ఎక్కువ. ఒక్కో టిష్యూ ప్యాకెట్ జేబులోకి పోయేది, ఒక్కో సంచీ యంత్రంలోకి. మూడేళ్ళలో డబ్బా ఖాళీ అయింది.

ఖాళీ అయిందనుకున్నది నేను. ఉద్యోగం చివరి రోజున అంకుల్ చొక్కా జేబులోంచి, మడతల దగ్గర చిరిగిన కాగితం ఒకటి తీసి, చదవమన్నారు. దాని మీద నంబరు లేదు. "ఈ మట్టిలో ఏముందో చెప్పండి. రెండేళ్ళ నుంచి ఏది వేసినా మొలవడం లేదు. జవాబు కోసం చూస్తుంటాను." పేరు రాయలేదు, ఊరు రాయలేదు. ఆయన ఇంకోసారి చదివించుకున్నారు. ఆ ఊళ్ళ నుంచి మట్టి రావడం మొదలైన కొత్తలో వచ్చిందట అది. కాగితాన్ని చెత్త అనుకుని, చూడకుండానే తీసి జేబులో వేసుకుని, సంచీతో సహా మట్టిని ఉడకేశారట. మర్నాడు జేబులోంచి తీసి చూసుకుంటే దాని నిండా అక్షరాలు. ఎవరిదో, ఏ సంచీదో కనుక్కునే దారి అప్పటికే పోయింది. టిష్యూ ప్యాకెట్లు మొదలైంది ఆ మర్నాటి నుంచి.

"ఇన్నాళ్ళూ నీసేత సదివించడానికి బయమేసినాది తల్లీ" అన్నారు. "ఇంకా సూస్తన్నాడో ఏటో."

కాగితం మడిచి నా చేతికిచ్చి, మకాన్‌కు వెళ్దాం పదమన్నారు.

ఇప్పుడు ఆ కాగితం నా గుర్తింపు కార్డు వెనక, ప్లాస్టిక్ కవరులో ఉంది. ఇవాళ కూడా మీట నొక్కబోయే ముందు తీసి చదువుకుని అలమర వైపు చూస్తే, ఒక సంచీ మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. పెట్టింది నేను కాదు. నా దగ్గర ఈ మధ్యనే చేరిన తెలుగమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది, ప్రతి మాట చివరా సింగపూర్ 'లా' తగిలిస్తుంది. అంకుల్‌ను ఎన్నడూ చూడలేదు. ఏమిటిది అని అడిగితే కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఈ సంచీ రైతు ఫోన్ ఎత్తట్లేదు లా, ఆంటీ. సోమవారం దాకా చోప్."

ఆ సంచీని అలాగే ఉంచి, మిగతావాటిని లోపల పెట్టి, మీట నొక్కాను.