పేరు కోసేసిన సాక్ష్యం

మార్కాపురంలో జయపాల్ స్టూడియోకు పెళ్లిళ్ల కన్నా చావు వీడియోలే ఎక్కువ వస్తాయి. ఏం చేస్తాం, రాతి పలకల ఫ్యాక్టరీల దుమ్ము మింగిన మనుషులు తొందరగా పోతారు. జయపాల్ కూడా పదేళ్లు పలకలు కోసి, దగ్గు పట్టుకున్నాక కెమెరా పట్టినవాడే.

జయపాల్‌కు వరసకు బావ అయిన వరప్రసాదం, పోయే ముందు వారం, అతని కెమెరా ఎదుట మంచం మీదే మాట్లాడాడు. ముక్కుకు గుడ్డయినా ఇవ్వకుండా ఫ్యాక్టరీలో తనతో ఎన్నేళ్లు పలకలు కోయించారో ఆయాసపడుతూ చెప్పాడు. నలుగురూ దాన్ని చూడాలన్నదే అతని ఆఖరి కోరిక. కానీ భార్య మగ్దలీనమ్మ ఇంకా ఆ ఫ్యాక్టరీలోనే పలకలు పేరుస్తోంది.

ఆమె పని పోకూడదని జయపాల్ వీడియోలో ముఖం మసక చేశాడు, పేరున్న మొదటి మాట కోసేశాడు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియని అజ్ఞాత నెట్‌వర్క్‌లో వెబ్‌సైట్ కట్టాడు. అక్కడ రాసిన మాటలు బాగానే వచ్చాయి గానీ వీడియో కదలక మొరాయించింది. దాంతో వీడియో ఒక్కదాన్ని మామూలు ఇంటర్నెట్‌లో, పెళ్లి వీడియోలు పెట్టుకునే తన ఖాతాలోనే పెట్టి లింకు కలిపాడు. ఎంత తెలివితక్కువ పని! ఆ లింకు ఫోన్లలో తిరిగింది, దాని మీద స్టూడియో పేరు స్పష్టంగా కనిపించింది. ఆ స్టూడియో ఎవరి మంచం దగ్గర కెమెరా పెట్టిందో ఫ్యాక్టరీలో ఇట్టే తెలిసిపోయింది. మేనేజరు కబురు పెట్టాడు: "తీసెయ్. లేదంటే ఆ యమ్మ పనికి రానక్కర్లేదు."

జయపాల్ హడలిపోయి వీడియోను కూడా అజ్ఞాతంలోకే మార్చేశాడు. గండం గడిచిందనుకున్నాడు.

నెల తిరిగాక మగ్దలీనమ్మ స్టూడియోకు వచ్చింది. "మీ బావను ఎంతమంది చూసినారు నాయనా?"

"అది చూడాలంటే వేరే బ్రౌజర్ వేసుకోవాలక్కా. మనోళ్ల ఫోన్లలో రాదు. పేరు మాత్రం బయటపడదు."

"అంటే ఎవురూ చూళ్లేదు." అందామె. "చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఏం చేస్తాం? లేచి నిలబడి ముందు పేరు చెప్తాం. మీ బావా అట్లే మొదలుపెట్టినాడు. ఆ మాటే నువ్వు కోసేసినావు."

"నీ పని పోతాదక్కా."

"పోనీ. ఆ పనే గదా ఆయన్ని తినింది."

జయపాల్ అప్పటికప్పుడే కూర్చుని మసక తీసేశాడు. "నా పేరు వరప్రసాదం" అన్న మాటను తిరిగి అతికించి, మామూలు ఇంటర్నెట్‌లోనే పెట్టాడు. ఆదివారానికి కంభం నుంచి కురిచేడు దాకా అందరి ఫోన్లలోనూ వరప్రసాదమే. సోమవారం మగ్దలీనమ్మను గేటు దగ్గరే వెనక్కి పంపేశారు.

ఆమె ఇంటికి పోలేదు. నేరుగా స్టూడియోకు వచ్చి కెమెరా ముందు కుర్చీలో కూర్చుంది. "నా పేరు మగ్దలీనమ్మ" అని మొదలుపెట్టి తన పన్నెండేళ్ల పనీ, మొగుడి దగ్గూ చెప్పింది. అయిపోయాక లేచి, కుర్చీ జయపాల్ వైపు జరిపింది.

"నువ్వూ పదేండ్లు కోసినావు గదా తమ్ముడూ."

అతను కెమెరా మళ్లీ ఆన్ చేసి దాని ముందుకొచ్చి కూర్చున్నాడు. ముందు దగ్గు వచ్చింది. అది ఆగాక అన్నాడు:

"నా పేరు జయపాల్."