సూదుల పెద్దమ్మ రాతిమెట్టు

మా పెద్దమ్మను వీధిలో అందరూ సూదుల పెద్దమ్మ అంటారు. ప్యాంట్లకు అంచులు మడిచేటప్పుడు గుండుసూదులన్నీ పెదాల మధ్య పట్టుకుంటుంది. సూదులు నోట్లో ఉన్నంతసేపూ ఆవిడంత నెమ్మదస్తురాలు లేదు. తీసిందంటే మాత్రం పక్క కొట్టు చెప్పులాయన కూడా మెల్లగా లోపలికి తప్పుకుంటాడు.

కొట్టంటే ఒక్క గది. రెండు కుట్టుమిషన్లు, ఆవిడదొకటి, నాదొకటి. గుమ్మం ముందు ఎత్తయిన రాతిమెట్టు. ఎవరొచ్చినా దాని మీద నిలబడాల్సిందే. పెద్దమ్మ కింద వీధిలో పీట వేసుకుని కూర్చుంటే, ప్యాంటు అంచు సరిగ్గా కళ్ల ముందుకొస్తుంది. మోకాళ్లు అరిగాక ఆవిడ వంగలేదు. అంచులు నేను చూస్తానంటే నమ్మదు. ఆ మెట్టు లేకపోతే ఆవిడకు పని లేదు.

అలాంటిది, మున్సిపాలిటీవాళ్లు వీధి బాగుచేయడానికి వచ్చారు. కొత్త కాలువ, వెడల్పాటి కాలిబాట, కొట్ల ముందు మెట్లు తీసేసి ఏటవాలు దారి. చిన్న కొట్లకు సాయంగా ఎవరికి కావలసిన పని వాళ్లకు ఒకటి ఉచితంగా చేసిపెడతామన్నారు. చెప్పులాయన బోర్డు అడిగాడు. పిండిమర ఆయన లైట్లు అడిగాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పెద్దమ్మ మాత్రం తన మెట్టు జోలికి రావద్దంది.

పగలగొట్టే రోజున వెళ్లి మెట్టు మీదే చతికిలబడింది. సూదులు తీసి చేతిలో పట్టుకుంది. పనివాళ్లు గడ్డపారలు దించేశారు. ఇంజనీరమ్మ వచ్చింది.

"అమ్మా, అందరివీ తీసేశాం. మీదొక్కటే మిగిలింది."

"మిగలనీ తల్లీ. ఇది పోతే నా పనెక్కడ చేసుకోను, నీ నెత్తిమీదా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? నాకే తల కొట్టేసినట్టయింది.

"పెద్దమ్మా, సాయం చేస్తామంటున్నారుగా. ఈ రాయినే లోపల పెట్టించమని అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు."

"లోపల మెట్టెక్కి ఎక్కడికి పోతారే, అటక మీదికా?"

ఇంజనీరమ్మ నవ్వాపుకుని లోపలికి తొంగిచూసింది. "కిటికీ పక్కన చోటుందమ్మా. అక్కడ పెట్టిస్తాం, సరేనా?"

పెద్దమ్మ మెడ తిప్పి ఆ చోటును ఎగాదిగా చూసింది. చివరికి సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది. ఒప్పుకుందని నేనే చెప్పాల్సివచ్చింది.

రాయి కిటికీ పక్కన బాగా కుదిరింది. వెలుతురు నేరుగా దాని మీదే పడుతుంది. అయినా ఆవిడ సణుగుడు ఆగలేదు. బయటి ఏటవాలు దారికి జారుడుబల్ల అని పేరు పెట్టింది.

ఒక ఉదయం ఆ జారుడుబల్ల మీద చక్రాల చప్పుడైంది. పక్క వీధిలో పుస్తకాలకు అట్టలు కట్టే ఆయన, చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ లోపలికొచ్చాడు. ఇన్నేళ్లూ ఆయన బట్టలు భార్యే తెచ్చేది, పాత ప్యాంటు చూసి పెద్దమ్మ కొత్తది కుట్టేది. ఆయన కొట్లోకి రావడం అదే మొదలు.

"రండి, మెట్టెక్కండి" అంది పెద్దమ్మ అలవాటు కొద్దీ. వెంటనే నాలుక కరుచుకుంది.

ఆయన పెద్దగా నవ్వాడు. "ఎక్కగలిగితే ఎప్పుడో వచ్చేవాణ్ణి కదమ్మా. మీ గోడలు ఆకుపచ్చవని ఇవాళే తెలిసింది."

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. కుర్చీని కిటికీ వైపు తిప్పింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, ఆయన కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి, అందరూ నిలబడే ఆ రాతి మీద పెట్టింది.

"ఎడమ అంచు పొడుగైంది. చక్రంలో పడటంలేదూ?"

"పడుతుంది. మీతో చెప్పమంటే మా ఆవిడ భయపడేది, మీరు సూదులు తీస్తారని."

పెద్దమ్మకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "ఈ మెట్టు కోసం ఎంత గొడవ చేశానో! మిమ్మల్ని ఇన్నేళ్లూ బయట ఆపింది ఇదేనండీ" అంది.

ఆయన తన కాళ్ల కిందున్న రాయిని చూసుకున్నాడు. "ఇప్పుడు ఎక్కాగా" అన్నాడు.